నా సైకిల్‌తో చేసిన భూగోళం

నేను రోజూ తొక్కుకుంటూ పనికి వెళ్లిన సైకిల్‌ను, జనం చేత సైకిళ్లు తొక్కించాలనే ఉద్దేశంతో, మా కాలేజీవాళ్లు నన్నడగకుండా కోసి, అతికించి, భూగోళం చేసి గేటు ముందు నిలబెట్టారు. దాని కింద ‘పారేసిన వస్తువులతో చేసినది’ అని బోర్డు పెట్టారు. నేను పారేయలేదు.

జరిగిన అన్యాయం ఇంతే. మిగతాదంతా ఎలా జరిగిందన్న వివరం.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. భయపడి కాదు. పేరు రాస్తే వాళ్లు చదువుతారు, చదివితే నన్ను పిలిచి సన్మానం చేస్తారు. వాళ్ల సన్మానం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అదీ చెబుతాను.

నల్లగొండ జిల్లాలో ఒక పల్లె నుంచి మీసం కూడా రాని వయసులో ఈ ఊరికి వచ్చాను. మలక్‌పేటలో ఒక వెల్డింగ్ షాపులో పని నేర్చుకున్నాను. తర్వాత ఎల్బీనగర్ దాటాక, పొలాలు ప్లాట్లయి, ప్లాట్ల మధ్య కాలేజీలు మొలుస్తున్న రోజుల్లో, ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో చేరాను. పిల్లలకు పనిముట్లు ఇవ్వడం, ఆకురాయి ఎలా పట్టాలో చూపడం, సాయంత్రం పనిముట్లతో పాటు వాళ్ల వేళ్లు కూడా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం నా ఉద్యోగం. అందరూ నన్ను ఉస్తాద్ అనేవాళ్లు. జీతం కాగితాల్లో మాత్రం ‘హెల్పర్’ అనే ఉండేది.

గడ్డిఅన్నారంలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అక్కడి నుంచి కాలేజీకి సైకిల్. నేను బడికి వెళ్లింది చాలా తక్కువ. నా చదువంతా ఆ సైకిల్ మీద సాగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూశారు కదా, మేడ మీద మేడ, బోర్డు మీద బోర్డు. ఒకే మాట తెలుగులో ఒకచోట, ఇంగ్లీషులో పక్కనే ఉంటుంది. సిగ్నల్ పడ్డప్పుడల్లా కాలు ఆనించి రెండూ పోల్చి చదువుకునేవాణ్ణి. అలా అక్షరాలు వచ్చాయి, అక్షరాలతో మాటలు వచ్చాయి. మెట్రో పనులు జరిగినన్నాళ్లూ సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చేది కాబట్టి నా ఇంగ్లీషు బాగా మెరుగైంది. ఆదివారాలు లైబ్రరీలో కూర్చుని దొరికినదల్లా చదివేవాణ్ణి. అందుకే నాకు కోపం ఎక్కువ. బడిలో చదివినవాళ్లు పరీక్షయ్యాక మర్చిపోతారు. నాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు, మర్చిపోయే అవకాశం రాలేదు.

సైకిల్ గురించి ఒక్కమాట. నల్లటి పాత మోడల్ బండి. చైన్ కవరు తుప్పు పడితే గీకి ఆకుపచ్చ రంగు వేశాను, వర్క్‌షాపులో మిగిలిపోయిన రంగు అదే కాబట్టి. దాని మీద నేను బాగుచేయని భాగం లేదు. ఎండాకాలం కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు మామిడిపండ్ల లారీల మధ్య నుంచి అది దారి వెతుక్కుని పోయేది, నేను ఊరికే పైన కూర్చునేవాణ్ణి.

పండ్ల మార్కెట్ అక్కణ్ణుంచి తరలిపోయాక, ఒకరోజు మా అందర్నీ మీటింగ్ హాలుకి పిలిచారు. టీచింగ్ వాళ్లను ముందు, మమ్మల్ని గోడ వారగా. ఏసీ ఎంత పెట్టారంటే మేడమ్‌లు కొంగులు కప్పుకున్నారు. ప్రతి ఒక్కరి ముందూ ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా. మీటింగు పర్యావరణం గురించి.

చైర్మన్‌ది కాలేజీ ఉన్న ఊరే. వాళ్ల నాయన జొన్న వేసిన చేలోనే కాలేజీ కట్టాడు. మాట గట్టిది, మనసు చెడ్డది కాదు. ప్రిన్సిపాల్ గోదావరి జిల్లా మనిషి, గట్టిగా తుమ్మినా ‘క్షమించండి’ అనే రకం. వీళ్లిద్దరి మధ్య నిలబడి మాట్లాడింది సివిల్ విభాగంలో కొత్తగా చేరిన ఒక మేడమ్. ఆమెను ‘గ్రీన్ కోఆర్డినేటర్’ చేశారు.

ఆ అమ్మాయి చెప్పింది మంచి సంగతే, అది కాదనను. ప్రపంచంలో చాలా దేశాల్లో యూనివర్సిటీలు సుస్థిర అభివృద్ధిని పాఠంగా చెప్పి ఊరుకోవడం లేదనీ, అవే అలా బతకాలని చూస్తున్నాయనీ చెప్పింది. వాన నీళ్లు దాచుకోవడం, హాస్టల్లో మిగిలిన అన్నాన్ని ఎరువు చేయడం, పాడైన వస్తువును పారేయకుండా బాగుచేసుకోవడం, ప్రొఫెసర్లు కూడా సైకిళ్ల మీద రావడం. ఇలా చేసే కాలేజీలకు పాయింట్లు వేసి ప్రపంచమంతటా వరసలో నిలబెట్టే సంస్థ ఒకటి ఉందట. ఆ సంస్థ తరఫున ఒక విదేశీ ప్రొఫెసరమ్మ మన కాలేజీని చూడ్డానికి వస్తోందట.

వింటుంటే నా ఒళ్లు పులకరించింది. బాగుచేసుకోవడం, సైకిల్! ఇన్నేళ్లుగా తెలియకుండానే నేను ప్రపంచ స్థాయిలో ఉన్నానన్నమాట.

“మనకాడ సైకిల్ మీద ఎవలొస్తరు?” అన్నాడు చైర్మన్.

ముందు వరసల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. నేను గోడ వార నుంచి చెయ్యెత్తాను.

“నువ్వు కాదు ఉస్తాద్, స్టాఫ్ సంగతి అడుగుతున్న.”

“నేనూ స్టాఫే గద సార్.”

“నిబంధనల్లో ‘ఫ్యాకల్టీ’ అని ఉందండీ,” అన్నాడు ప్రిన్సిపాల్ నావైపు నొచ్చుకుంటూ చూసి.

మేడమ్ మెల్లగా అంది. “సర్, ఎవరు తొక్కినా సైకిలే కదా సర్. ఉస్తాద్‌ని కూడా చూపించొచ్చు.”

చైర్మన్ నవ్వాడు. “ఎట్ల సూపిస్తవమ్మా? గరీబోడు సైకిల్ తొక్కితే గది గరీబీ. కారున్నోడు తొక్కితే గది పర్యావరణం. గా ఫారిన్ ఆమెకు గరీబీ సూపెట్టనీకి పిలుస్తున్నమా?”

హాలంతా నవ్వింది. ఆ మాట మీద నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. తప్పని కాదు. ఎంత ఆలోచించినా అందులో తప్పెక్కడుందో వెంటనే దొరకలేదు, అందుకు.

తర్వాతి నిర్ణయాలు చకచకా జరిగిపోయాయి. టీచింగ్ వాళ్లందరూ ఆ రోజు సైకిళ్ల మీద రావాలి. ఎవరికీ సైకిళ్లు లేవు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపు నుంచి కొత్త సైకిళ్లు కిరాయికి తేవాలి. కార్లు దగ్గర్లోని ఫంక్షన్ హాల్లో పెట్టుకుని, అక్కణ్ణుంచి సైకిలెక్కాలి. హాలు చైర్మన్ బామ్మర్దిదే.

మీరు నవ్వకండి. మా దగ్గర తనిఖీ అంటే అలాగే ఉండేది. ల్యాబులో లేని యంత్రాన్ని పక్క కాలేజీ నుంచి తెచ్చి ఒకరోజు నిలబెట్టడం, మర్నాడు మనది వాళ్లకు పంపడం పెళ్లికి చుట్టాల ఇంట్లోంచి గిన్నెలు తెచ్చుకున్నంత మామూలు. అందులో మోసం ఉందని ఎవరికీ తోచేది కాదు. లేనిది అడిగేవాళ్లదే తప్పు అనుకునేవాళ్లం.

సైకిళ్లు డీజిల్ లారీలో వచ్చాయి. షాపువాడు ఒక షరతు పెట్టాడు. సీట్ల మీద, హ్యాండిళ్ల మీద ఉన్న ప్లాస్టిక్ కవర్లు తీయకూడదు, తీస్తే మళ్లీ కొత్తవిగా అమ్ముకోలేడు. సరే అన్నారు. ఇంతకీ అసలు చిక్కు తర్వాత తెలిసింది. మా ప్రొఫెసర్లలో సగం మందికి సైకిల్ రాదు. వచ్చినవాళ్లు చిన్నప్పుడు తొక్కి వదిలేశారు.

“ఉస్తాద్ ఉన్నడు గద,” అన్నాడు చైర్మన్. “నేర్పిస్తడు.”

ఆ విధంగా, సైకిల్ లెక్కలోకి రాని నన్ను సైకిల్ మాస్టారుని చేశారు. రోజూ క్లాసులయ్యాక గ్రౌండులో పాఠాలు. కవరు మీద కూర్చుంటే జారుతుంది. ముందుకు జారి ఒకరు, పక్కకు జారి ఒకరు. పైగా చైర్మన్ ఆజ్ఞ, టై ఉండాల్సిందే. “టై లేకుంటే పాలోళ్లు అనుకుంటరు,” అన్నాడు.

ప్రిన్సిపాల్ కష్టపడ్డాడు పాపం. “మా ఊళ్లో కాలవగట్టు మీద తొక్కానండీ చిన్నప్పుడు. కానీ టై కట్టుకుని తొక్కలేదండీ. ఇది బ్రేకుకి చుట్టుకుంటోంది చూడండి.”

“చొక్కా లోపల దోపుకోండి సార్.”

“దోపితే టై ఉన్నట్టు తెలీదు కదండీ. ఆయన కోప్పడతారు.”

చివరికి టైని వీపు మీదికి తిప్పి కట్టి తొక్కించాను. గేటు దగ్గరికి రాగానే ముందుకు తిప్పుకోవాలని ఒప్పందం.

పాఠాలు జరుగుతున్నప్పుడే ఒక సాయంత్రం మెకానికల్ పిల్లలు నలుగురైదుగురు గ్రౌండు దగ్గరికి వచ్చారు.

“ఉస్తాద్, వెల్డింగ్ రాడ్లు కావాలె. గాగుల్స్ కావాలె. మేడమ్ అడగమంది.”

“ఏం జేస్తర్రా?”

“సర్‌ప్రైజ్ ఉస్తాద్. మీకే మస్త్ నచ్చుతది.”

తాళాలు విసిరాను. అప్పుడు నా రెండు చేతుల్లోనూ ఫిజిక్స్ హెడ్డుగారి సైకిల్ సీటు ఉంది, సీటు మీద ఫిజిక్స్ హెడ్డుగారు ఉన్నారు, వివరాలు అడిగే స్థితి కాదు.

పాఠం ముగించి, చెమట తుడుచుకుని, వర్క్‌షాపు వెనక్కి వెళితే గోడకు ఆనించిన నా సైకిల్ లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ది మా జిల్లానే. నన్ను అన్నా అనేవాడు. ఆ నెలలో మాల వేసుకుని నల్లబట్టల్లో ఉన్నాడు.

“తమ్మీ, నా బండేది?”

అతను నా మొహం చూడలేదు. “అన్నా, పొద్దుగాల ఆర్డర్ వేసిండ్రు. పాతయి, తుప్పుపట్టినయి క్యాంపస్‌ల ఏది కనబడ్డా తియ్యాలె అని. పోరగాళ్లు ఒచ్చిండ్రు.”

“నాదని జెప్పలేదా?”

“జెప్పిన అన్నా! ఉస్తాద్‌ది, ముట్టకుండ్రి అన్న. తుప్పువట్టిందా లేదా గంతే జెప్పు అన్నరు.”

“ఏమన్నవ్?”

“మాలేసుకున్న గదనే. అబద్ధం ఎట్ల ఆడాలె?”

ఏమనాలి? దీక్షలో ఉన్న మనిషిని తిట్టకూడదు. తిట్టాలనిపించినవన్నీ మింగి మేడమ్ దగ్గరికి పోయాను. ఆమె టేబుల్ మీద ఫైళ్ల గుట్ట. తలెత్తి, “అయ్యో ఉస్తాద్, అది మీదా? ఎవరూ వాడట్లేదు అనుకున్నారేమో పిల్లలు. ప్రోగ్రాం అయిపోనివ్వండి, తప్పకుండా చూద్దాం,” అంది. సర్‌ప్రైజేమిటో అప్పటికి ఆమెకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడో షెడ్డులో పడేసి ఉంటారనుకున్నాను, పిల్లల సర్‌ప్రైజ్ వేరే ఏదో అనుకుని దాని జోలికి పోలేదు. మర్నాటి నుంచి బస్సెక్కాను. ఎల్బీనగర్ చౌరస్తాలో కిటికీ కడ్డీకి మొహం అతుక్కుపోయి నిలబడి, అందరికీ సైకిల్ నేర్పడానికి బస్సులో పోతున్న నన్ను చూసి నేనే నవ్వుకునేవాణ్ణి.

ఆ రోజు రానే వచ్చింది. గేటు దగ్గర పందిరి, అరటి బోదెలు, పక్కన ఎత్తుగా తెల్లగుడ్డ కప్పిన ఏదో వస్తువు. గుడ్డ తాడు పట్టుకుని నిలబడటం నా డ్యూటీ. విదేశీ ప్రొఫెసరమ్మ ముందే వచ్చేసింది. ఎండకు మొహం ఎర్రగా కందినా చక్కగా నవ్వుతోంది. అందరూ ఫంక్షన్ హాలు వైపు చూస్తున్నాం, ఇప్పుడొస్తారు, ఇప్పుడొస్తారు అని.

ముందు బ్యాండు మోత వినిపించింది.

బామ్మర్ది చెప్పడం మరిచిందేమిటంటే, ఆ రోజు ఆ హాల్లో పెళ్లి. మగపెళ్లివారి విడిది అక్కడే. వాళ్ల బారాత్ హాల్లో మొదలై, మా గేటు దాకా వచ్చి, అక్కడ మలుపు తిరిగి మళ్లీ హాలుకే పోవాలి. సరిగ్గా అప్పుడే మా ప్రొఫెసర్లు కార్లు దిగి, సైకిళ్లెక్కి, ముందుకు పోలేక వెనక్కి రాలేక దాని మధ్యలో ఇరుక్కున్నారు. టైలు కట్టుకుని, ప్లాస్టిక్ కవర్లతో మెరిసే సైకిళ్ల మీద వరసగా వస్తున్న వాళ్లను చూసి మగపెళ్లివారు ఆడపెళ్లివారి ఏర్పాటనుకున్నారట. ఆడపెళ్లివారు మగపెళ్లివారి ఏర్పాటనుకున్నారట. ఇద్దరూ మర్యాద చేశారు.

కాబట్టి మా గేటు ముందుకు వచ్చిన ఊరేగింపు ఇలా ఉంది. ముందు బ్యాండు. వెనక గుర్రం మీద పెళ్లికొడుకు. వెనక తీన్మార్ ఆడుతున్న కుర్రాళ్లు. వాళ్ల మధ్యలో మెడలో బంతిపూల దండతో, వీపు మీద టైతో, సైకిల్ దిగి నడిపించుకుంటూ మా ప్రిన్సిపాల్. ఆయన భుజం మీద చెయ్యేసి ఒక పెద్దాయన, “జర స్టెప్పెయ్యి బావా, గట్ల సిగ్గువడతవేంది!” అని ఊపుతున్నాడు. “నేను బావని కాదండీ, ప్రిన్సిపాల్నండీ,” అంటూనే ప్రిన్సిపాల్ రెండడుగులు వేశాడు కూడా.

ప్రొఫెసరమ్మ చప్పట్లు కొట్టింది. గుర్రం మీద ఉన్నది ఎవరని చైర్మన్‌ను అడిగింది.

చైర్మన్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. “స్టూడెంట్,” అన్నాడు. “డైలీ హార్స్. నో పెట్రోల్.”

ఆమె రాసుకుంది.

బారాత్ మలుపు తిరిగేటప్పుడు ఫిజిక్స్ విభాగంవాళ్లు ఇద్దరు బయటపడలేక దానితో పాటే హాలుకు వెళ్లిపోయారు. తర్వాత భోంచేసి వచ్చారు.

ఇక గుడ్డ తీయడం. మేడమ్ సైగ చేసింది, నేను తాడు లాగాను.

భూగోళం. ఇనుప చెయ్యి ఒకటి నేలలోంచి లేచి దాన్ని పట్టుకుని ఉంది. రెండు చక్రాల రిమ్ములను అడ్డంగా ఒకదానిలో ఒకటి దూర్చి అతికించి గోళం చేశారు. చెయ్యి ఫ్రేము పైపులతో చేసింది. గోళం మీద ఖండాలు పచ్చటి రేకువి. నాకు ముందు ఆ పచ్చదనం కనబడింది. తర్వాత ఆసియా ఖండం కనబడింది. ఆసియా నాకు బాగా తెలుసు. అక్కడ నా ప్యాంటు అంచు రాసుకుని రాసుకుని రంగు పోయి ఉంటుంది. ఉత్తర ధ్రువం దగ్గర బెల్లు బిగించారు. ప్రొఫెసరమ్మ ముచ్చటపడి దాన్ని ఒకసారి మోగించింది. ఆ గంటలో ఒక స్ప్రింగు వదులై ఉంటుంది. మోగిన తర్వాత చిన్నగా మూలుగుతుంది. మూలిగింది.

చెప్పుకుంటే సిగ్గు గానీ, అతుకులు చక్కగా పడ్డాయి. నేర్పింది నేనే కదా.

తాడు వదిలేసి ముందుకు వెళ్లాను. “మేడమ్, గిది నా బండి. నన్నెవ్వరు అడగలే. గా మాట ఆమెకు జెప్పుండ్రి.”

మేడమ్ మొహం తెల్లబోయింది. చైర్మన్ ఆమె వంక చూశాడు. పాపం ఆ పిల్ల కొత్త ఉద్యోగి. ప్రొఫెసరమ్మ వైపు తిరిగి ఇంగ్లీషులో, “ఈయన తన సైకిల్‌ను ఈ కళాఖండం కోసం విరాళంగా ఇచ్చారు,” అంది.

నా ఇంగ్లీషు దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్చింది. ‘డొనేషన్’ అన్న మాట అక్కడ ప్రతి కాలేజీ దగ్గరా వినబడేదే. “నో మేడమ్!” అన్నాను నేరుగా ప్రొఫెసరమ్మతోనే. “నాట్ డొనేషన్! ఐ నాట్ గివ్! దే టేక్!”

ఆమె కళ్లు చెమర్చాయి. నా రెండు చేతులూ పట్టుకుని, ఇంత వినయం ఎక్కడా చూడలేదంది. ఇచ్చి కూడా ఇవ్వలేదనడం ఈ దేశపు సంస్కారమని ఎక్కడో చదివిందట. తర్వాత మేడమ్‌ను ఏదో అడిగింది. మేడమ్ నన్ను అడిగింది, తల దించుకుని. “మరి ఇప్పుడు పనికి ఎలా వస్తున్నారు అని అడుగుతున్నారు.”

“ఎట్లొస్తా? బస్సుల వడి సచ్చుకుంట ఒస్తున్న!”

“పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్,” అంది మేడమ్.

ప్రొఫెసరమ్మ దానికీ ఏదో రాసుకుంది. పాయింట్లేనని తర్వాత తెలిసింది. నాతో ఫోటో దిగింది. ఆ ఫోటో కాలేజీ బ్రోషర్లో వచ్చింది. అందులో నేను అరుస్తున్నాను, చూసినవాళ్లకు నవ్వుతున్నట్టుంటుంది.

కాలేజీకి సర్టిఫికెట్ వచ్చింది. సైకిళ్లు ఆ సాయంత్రమే లారీ ఎక్కి షాపుకు పోయాయి, కవర్లు చిరగలేదని షాపువాడు మెచ్చుకున్నాడట. బొమ్మ కింద బోర్డు వచ్చింది, ‘పారేసిన వస్తువులతో చేసినది’ అని. అందరికీ నేను విరాళమిచ్చానని చెప్పినవాళ్లు బోర్డు మీద మాత్రం అలా ఎందుకు రాశారు? వ్యర్థ వస్తువుల వినియోగానికి పాయింట్లు వేరే ఉన్నాయి, విరాళానికి లేవు.

అప్పటి నుంచి మొదలైంది నా పోరాటం. మీకు చిన్న విషయంగా కనబడవచ్చు. నా జీవితంలో నేను పారేసిన వస్తువు లేదు. పారేయడానికి ఎప్పుడూ ఏమీ మిగల్లేదు. అలాంటివాణ్ణి పట్టుకుని, అదీ రోజూ వచ్చేపోయే గేటు దగ్గర, పారేశాడని రాస్తే ఎలా? ‘ఉస్తాద్ వాడుకుంటున్న బండిని అడగకుండా తీసుకున్నాం’ అని రాయమన్నాను. ఆ ఒక్క వాక్యం చాలు నాకు.

చైర్మన్ గదికి పిలిచాడు. “ఏంది ఉస్తాద్ గీ పంచాది? షాపుకు వోయి నచ్చిన సైకిల్ తెచ్చుకో. బిల్లు నాకు పంపు. గేర్లది తెచ్చుకో.”

“నాకొద్దు సార్.”

“ఎందుకొద్దు?”

“కొత్తది తీసుకుంటే పాతది పారేసినట్టే గద సార్.”

ఆయన నిజంగా ఆలోచించాడు, ఆ మాట చెప్పాలి. చివరికి, “మరి నీ బండి నీకియ్యాలంటే బొమ్మ కొయ్యాలె. బొమ్మ కోస్తే సర్టిఫికెట్ పోతది. బోర్డు మారిస్తే మేం దొంగలమైతం. నువ్వే జెప్పు, ఏం జెయ్యాలె?” అన్నాడు.

“దొంగలు కాకపోతే సార్, అడగకుండ తీసుకున్నోళ్లను ఏమంటరు?”

“మేనేజ్‌మెంట్ అంటరు,” అన్నాడు. ఇద్దరం నవ్వేశాం. కానీ బోర్డు మారలేదు.

బయట వాచ్‌మన్ ఎదురుచూస్తున్నాడు. మాల తీసేశాడు అప్పటికి. “గేర్ల సైకిల్ ఇస్తనంటె ఒద్దంటివా? పిచ్చోనివా అన్నా! తెచ్చి నాకన్న ఇయ్యకపోతివా!”

అర్జీలు పెట్టాను. ప్రిన్సిపాల్‌కు పెట్టాను. ఆయన ప్రతిసారీ నిలబడి తీసుకునేవాడు, “మీ బాధ నాకు అర్థమైందండీ,” అనేవాడు, ఆ అర్థం కావడంతోనే అర్జీ పని పూర్తయ్యేది. మేడమ్‌కు పెట్టలేదు. ఆమె ఒకసారి వర్క్‌షాపుకు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, “ఆ రోజు అలా చెప్పకుండా ఉండాల్సింది ఉస్తాద్,” అంది. ఆ ఏడాదే వేరే ఊరు వెళ్లిపోయింది. ఆ కాలేజీలో నాకు న్యాయం చేసిన మనిషి ఆమె ఒక్కతే, కానీ అది బోర్డు మీద పట్టదు.

రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు, జ్ఞాపిక ఇచ్చారు. రంగు కాగితం విప్పితే నా సైకిల్‌తో చేసిన భూగోళానికి చిన్న నమూనా. ప్లాస్టిక్‌ది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అందుకే ముందే చెప్పాను, వాళ్ల సన్మానం నాకు తెలుసని.

నేను సుస్థిర అభివృద్ధికి వ్యతిరేకినని ఎవరూ అనుకోవద్దు. లైబ్రరీలో ఆ సంగతులు దొరికినంత మేర చదివాను, ఇప్పటికీ చదువుతున్నాను. నిజంగా చేస్తున్న కాలేజీలు లోకంలో ఉన్నాయి. ఒకచోట విద్యార్థులే మరమ్మతు షెడ్డు నడుపుతున్నారట, ఊళ్లోవాళ్ల పాత సైకిళ్లు బాగుచేసి మళ్లీ వాళ్లకే ఇస్తారట. చదివి లైబ్రరీలోనే కళ్లు తుడుచుకున్నాను. మా వర్క్‌షాపులో ఏం తక్కువ? రాడ్లున్నాయి, గాగుల్సున్నాయి, చక్కగా అతికే పిల్లలున్నారు. వాళ్లకు కోయమని చెప్పారు, బాగుచేయమని చెప్పలేదు. పిల్లలూ, రేపు మీరు ఏ ఆఫీసులోనో కూర్చుని ఇలాంటి మంచి పని తలపెడితే, ముందు లేచి గోడ వారగా ఎవరు చెయ్యెత్తారో చూడండి. చెయ్యెత్తినవాడి బండి జోలికి మాత్రం పోకండి.

రిటైరయ్యాక కూడా అర్జీలు ఆపలేదు. ఈమధ్య ఎల్బీనగర్ మీద నుంచి బస్సులో పోతూ గేటు చూశాను. భూగోళం వానలకు బాగా తుప్పు పట్టింది, ఆఫ్రికా ఊడి వేలాడుతోంది. ఇంటికొచ్చి చివరి అర్జీ రాశాను. అందులో వాదన లేదు, తిట్లు లేవు. ‘పారేసిన అన్న మాట తీసేయండి, అంతే’ అని రాశాను.

జవాబు వచ్చింది. కాలేజీ ముద్ర ఉంది, పచ్చ ఇంకు సంతకం ఉంది. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ దించుతున్నాను:

“అయ్యా, తమరు పంపిన అర్జీలన్నియు అందినవి. క్యాంపస్ హరిత కమిటీ వాటిని సానుభూతితో పరిశీలించినది. గేటు వద్ద గల కళాఖండం బోర్డు మీద ‘పారేసిన’ అన్న మాట సరికాదని కమిటీ అంగీకరించుచున్నది. ఆ మాటను తొలగించి ‘దాత ఇచ్చిన’ అని మార్పించడమైనది. స్థలం చాలనందున దాత పేరు వేయుటకు వీలుపడలేదు. మరియు, సదరు కళాఖండం ప్రస్తుతం తుప్పు పట్టియున్నది. విరాళముగా వచ్చిన వస్తువుల నిర్వహణ దాతలే చూసుకొనవలెనని కమిటీ తీర్మానించినది. కావున తమరు వీలు చూసుకొని వచ్చి, తుప్పు గీకి, ఊడిన భాగములు అతికించి, రంగు వేసి వెళ్లగలరు. రంగు తమరే తెచ్చుకొనగలరు. మన క్యాంపస్‌ను కాలుష్యరహితముగా ప్రకటించినందున సైకిల్ మీద మాత్రమే రాగలరు.”